చిప్‌లో రెసిస్టెన్స్ చేత్తో లెక్కకట్టడం ఎలా: స్క్వేర్ల నుంచి వయాల దాకా

లేఅవుట్‌లో (చిప్ పొరల ఆకారాలు చూపే పటంలో) గీసిన మెటల్ తీగకో, పాలీ (పాలీసిలికాన్) రెసిస్టర్‌కో ఎన్ని ఓంలు వస్తాయో చేత్తో ఎలా తేల్చాలి, తేల్చాక ఆ అంకె టూల్ చెప్పినదానితో ఎందుకు కలవడం లేదు అని చాలామంది అడుగుతున్నారు. పొడవును వెడల్పుతో భాగించడం అందరికీ తెలుసు. తప్పు అక్కడ రాదు. తీగ రెండు కొసల్లోని కాంటాక్ట్‌ల దగ్గర, గీసిన వెడల్పుకీ సిలికాన్ మీద పడే వెడల్పుకీ మధ్య తేడా దగ్గర, వేడి దగ్గర వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వాటికే.

ఉదాహరణలన్నీ స్కైవాటర్ 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకే నుంచి తీసుకున్నవి. పీడీకే అంటే ఫ్యాబ్ (చిప్ తయారుచేసే కర్మాగారం) తన ప్రాసెస్ గురించి ఇచ్చే అంకెలు, నియమాలు, మోడళ్ల కట్ట. పనిలో దాన్ని స్కై130 అంటారు. ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకుండా ఎవరైనా దించుకోవచ్చు కాబట్టి, కాలేజీలో చదివేవాళ్లు కూడా తమ ల్యాప్‌టాప్‌లో ఈ లెక్కలు సరిచూసుకోవచ్చు. మీ పని వేరే ప్రాసెస్‌లో అయితే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ పీడీకేవి వాడండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

లెక్క మొదలుపెట్టాక అంకెల కోసం వెతుక్కుంటే ఏదో ఒకటి ఊహించి వేసేస్తారు. కింది ఆరూ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

- మీరు వాడే ప్రతి లేయర్ షీట్ రెసిస్టెన్స్: కనిష్ఠం, మామూలు, గరిష్ఠం మూడూ
- ఒక్కో కాంటాక్ట్, ఒక్కో వయా కట్ రెసిస్టెన్స్ (పాలీని, డిఫ్యూజన్‌ను పై పొరకు కలిపేది కాంటాక్ట్, మెటల్ పొరలను ఒకదానితో ఒకటి కలిపేది వయా; అందులో ఒక్కో రంధ్రం ఒక కట్)
- వెడల్పు దిద్దుబాటు: గీసినదానికీ అసలుదానికీ తేడా
- ఉష్ణోగ్రత గుణకాలు, అవి ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చారో ఆ అంకె
- ఒక కట్, ఒక మైక్రాన్ వెడల్పు తీగ మోయగల గరిష్ఠ కరెంట్
- ఆ తీగలో నిజంగా పారే కరెంట్

చివరిది రాయకుండా రెసిస్టెన్స్ ఒక్కటే తేల్చి ఊరుకునేవాళ్లు ఎక్కువ. 30 ఓంలు ఎక్కువా తక్కువా అన్నది కరెంట్ తెలిస్తేనే చెప్పగలం. ట్రాన్సిస్టర్ గేట్‌కు వెళ్లే తీగలో 300 ఓంలున్నా చాలాసార్లు పట్టించుకోనక్కర్లేదు. పవర్ తీగలో 3 ఓంలే కొంప ముంచవచ్చు.

స్కై130లో మామూలు విలువలు ఇలా ఉంటాయి. స్క్వేర్‌కు ఓంలలో (స్క్వేర్ అంటే పొడవూ వెడల్పూ సమానమైన ముక్క, మూడో అంచెలో వివరంగా ఉంది):

- లోకల్ ఇంటర్‌కనెక్ట్ (మెటల్-1 కింద ఉండే పొర): 12.8
- మెటల్-1, మెటల్-2: 0.125
- మెటల్-3, మెటల్-4: 0.047
- మెటల్-5: 0.0285
- మామూలు పాలీ: 48.2
- రెసిస్టర్ల కోసం ఉన్న పాలీలు: ఒకటి సుమారు 320, ఇంకొకటి సుమారు 2000
- ఎన్ డిఫ్యూజన్: 120, పీ డిఫ్యూజన్: 197 (సిలికాన్‌లోనే డోప్ చేసిన భాగాలు)

ఒక్కో కట్‌కు ఓంలలో:

- లోకల్ ఇంటర్‌కనెక్ట్ నుంచి మెటల్-1: 9.3
- మెటల్-1 నుంచి 2: 4.5
- 2 నుంచి 3, 3 నుంచి 4: ఒక్కొక్కటి 3.41
- 4 నుంచి 5: 0.38

లోకల్ ఇంటర్‌కనెక్ట్‌కూ మెటల్-1కూ మధ్య వంద రెట్ల తేడా ఉంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

## 2. పాఠ్యపుస్తకంలోని రెసిస్టివిటీని వాడకండి

షీట్ రెసిస్టెన్స్ అంటే లేయర్ రెసిస్టివిటీని దాని మందంతో భాగిస్తే వచ్చేది. చిప్‌లో ఒక లేయర్ మందం మనం మార్చలేం, అందుకే దాన్ని ఫ్యాబ్ వాళ్లే లెక్కలో కలిపేసి ఒకే అంకెగా ఇస్తారు. మన చేతిలో మిగిలేవి పొడవు, వెడల్పు.

అల్యూమినియం రెసిస్టివిటీ తెలుసు, మందం తెలుసు, భాగించేద్దాం అని కొందరు మొదలుపెడతారు. ఏమవుతుందో చూడండి. శుద్ధ అల్యూమినియం రెసిస్టివిటీ 20 డిగ్రీల దగ్గర సుమారు 0.0265 ఓం-మైక్రాన్. స్కై130 మెటల్-1 మందం 0.36 మైక్రాన్లు. భాగిస్తే 0.074 వస్తుంది. పీడీకే చెప్పేది 0.125. అంటే మీ లెక్క 40 శాతం తక్కువ చూపిస్తోంది.

ఆ మందమంతా అల్యూమినియం కాకపోవడం దీనికి ముఖ్య కారణం. దానికి కిందా పైనా టైటానియం, టైటానియం నైట్రైడ్ పొరలు ఉంటాయి. అవి చోటు తీసుకుంటాయి గానీ కరెంట్‌ను బాగా మోయవు. పైగా లోహం శుద్ధమైనది కాదు, సన్నని పొరలో లోహపు రేణువుల సరిహద్దులు కూడా ఎలక్ట్రాన్లకు అడ్డు తగులుతాయి.

రాగి తీగలు వాడే చిన్న నోడ్‌లలో (ఇంకా సన్న కొలతల ప్రాసెస్‌లలో) ఇది ఇంకా తీవ్రం. రాగిలో ఎలక్ట్రాన్ ఎక్కడా తగలకుండా పోగల సగటు దూరం సుమారు 40 నానోమీటర్లు. తీగ వెడల్పు ఆ దరిదాపులకు వస్తే ఎలక్ట్రాన్లు గోడలకు కొట్టుకుంటాయి, రెసిస్టివిటీయే పెరిగిపోతుంది. అలాంటి ప్రాసెస్‌లలో షీట్ రెసిస్టెన్స్ ఒకే అంకెగా ఉండదు. వెడల్పును బట్టి, పక్క తీగకు ఉన్న ఎడాన్ని బట్టి మారే పట్టికగా ఇస్తారు. పట్టిక ఉంటే పట్టికే వాడాలి.

## 3. స్క్వేర్లు లెక్కపెట్టడం

సూత్రం ఇంతే:

రెసిస్టెన్స్ = షీట్ రెసిస్టెన్స్ × (పొడవు ÷ వెడల్పు)

పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చేదే స్క్వేర్ల సంఖ్య. పొడవు అంటే కరెంట్ పారే దిశలో ఉన్న కొలత, లేఅవుట్ తెర మీద పొడుగ్గా కనిపించేది కాదు. వెడల్పాటి పవర్ పట్టీకి అడ్డంగా కరెంట్ పారుతుంటే, పొడవు ఆ అడ్డపు కొలతే.

ఉదాహరణ: మెటల్-1 తీగ, వెడల్పు 0.14 మైక్రాన్లు, పొడవు 350 మైక్రాన్లు.

350 ÷ 0.14 = 2500 స్క్వేర్లు
2500 × 0.125 = 312.5 ఓంలు

మలుపులు. తొంభై డిగ్రీల మలుపులో మూలన ఉన్న స్క్వేర్‌ను ఒకటిగా లెక్కపెట్టకూడదు. కరెంట్ లోపలి మూలను ఒరుసుకుంటూ దగ్గరి దారిన పోతుంది, కాబట్టి అది సుమారు 0.56 స్క్వేర్. నిటారు భాగాలను లోపలి మూల వరకే కొలిచి, ఒక్కో మలుపుకు 0.56 కలపండి. తీగ మధ్య గీత వెంట కొలుచుకుంటూ పోతే ప్రతి మలుపూ పూర్తి స్క్వేర్‌గా పడుతుంది. చాలామంది లెక్క ఎక్కువ రావడానికి అదొక కారణం.

అయితే దీని గురించి ఎంత పట్టించుకోవాలి? 0.30 మైక్రాన్ల మెటల్-3 తీగ 60 మైక్రాన్లు పోయి, మలుపు తిరిగి మరో 45 మైక్రాన్లు పోతే 200 + 0.56 + 150 = 350.56 స్క్వేర్లు, అంటే 16.5 ఓంలు. ఇందులో మలుపు లెక్కలోకే రాదు. అదే 10 మైక్రాన్ల వెడల్పు పట్టీ 30 మైక్రాన్లు, మలుపు, 20 మైక్రాన్లు అయితే 3 + 0.56 + 2 = 5.56 స్క్వేర్లు. మలుపును ఒకటిగా వేస్తే 6 వస్తుంది, 8 శాతం తప్పు. పొట్టిగా లావుగా ఉన్న ఆకారాల్లోనే మలుపు ముఖ్యం.

వెడల్పు మారే తీగ. ఒక్కసారిగా మారితే రెండు ముక్కలుగా విడదీసి కూడండి. ఏటవాలుగా మారితే సగటు వెడల్పు తీసుకోకండి. సరైన లెక్క:

స్క్వేర్లు = పొడవు × ఎల్ఎన్(పెద్ద వెడల్పు ÷ చిన్న వెడల్పు) ÷ (పెద్ద వెడల్పు − చిన్న వెడల్పు)

ఎల్ఎన్ అంటే సహజ సంవర్గమానం. 10 మైక్రాన్ల పొడవులో వెడల్పు 1 నుంచి 3 మైక్రాన్లకు పెరిగితే 10 × 1.0986 ÷ 2 = 5.49 స్క్వేర్లు. సగటు వెడల్పు 2 వేసుకుంటే 5 వచ్చేది. వాలు నిదానంగా ఉన్నప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది. పొట్టిగా, బాగా విప్పారిన గరాటులాంటి ఆకారమైతే టూల్‌కే వదిలేయండి.

## 4. గీసిన వెడల్పు వేరు, వచ్చే వెడల్పు వేరు

లితోగ్రఫీలో (ఆకారాన్ని వేఫర్ మీద ముద్రించేటప్పుడు), ఎచింగ్‌లో (అక్కర్లేని పదార్థాన్ని తొలిచేటప్పుడు) అంచులు కాస్త లోపలికో బయటికో జరుగుతాయి. కాబట్టి సూత్రంలో వేయాల్సింది గీసిన వెడల్పు కాదు, దిద్దిన వెడల్పు.

దిద్దుబాటు 0.02 మైక్రాన్లు అనుకుందాం. 0.35 మైక్రాన్ల రెసిస్టర్ 0.33 అవుతుంది, రెసిస్టెన్స్ 6 శాతం పెరుగుతుంది. 1.41 మైక్రాన్లది 1.39 అవుతుంది, పెరిగేది ఒకటిన్నర శాతమే. కచ్చితత్వం కావాల్సిన రెసిస్టర్‌ను కనిష్ఠ వెడల్పుతో గీయవద్దు అనేది ఇందుకే.

పీడీకేలో ఈ అంకె దొరక్కపోతే సిమ్యులేషన్ మోడల్ నుంచే రాబట్టవచ్చు. ఒకే పొడవు, రెండు వేర్వేరు వెడల్పులున్న రెసిస్టర్లను సిమ్యులేట్ చేసి, కొసల రెసిస్టెన్స్ తీసేశాక (అదెలాగో ఆరో అంచెలో ఉంది) ఇలా వేయండి:

దిద్దుబాటు = (మొదటి రెసిస్టెన్స్ × మొదటి వెడల్పు − రెండో రెసిస్టెన్స్ × రెండో వెడల్పు) ÷ (మొదటి రెసిస్టెన్స్ − రెండో రెసిస్టెన్స్)

0.35 మైక్రాన్లకు 96,970 ఓంలు, 1.41 మైక్రాన్లకు 23,022 ఓంలు వచ్చాయనుకోండి. పై భాగం 33,939.5 − 32,461 = 1478.5. కింది భాగం 73,948. భాగిస్తే 0.02 మైక్రాన్లు.

ఇక్కడ జాగ్రత్త: కొన్ని పీడీకేల్లో మోడల్ ఈ దిద్దుబాటును తనలోపలే చేసేసుకుంటుంది. మీరు మళ్లీ చేత్తో తీసేసి ఆ వెడల్పును మోడల్‌కు ఇస్తే రెండుసార్లు తగ్గినట్టు. చేత్తో వేసే లెక్కలో దిద్దిన వెడల్పు, మోడల్‌కు ఇచ్చేటప్పుడు గీసిన వెడల్పు. ఈ నియమం తప్పకండి.

## 5. కాంటాక్ట్‌లు, వయాలు: అసలు రెసిస్టెన్స్ దాక్కునే చోటు

తీగను స్క్వేర్లలో చక్కగా లెక్కపెట్టి, దాని రెండు కొసల్లో నిలబెట్టిన వయాలను మరిచిపోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు.

ఒక పవర్ దారి తీసుకుందాం. మెటల్-1 నుంచి మెటల్-5కు ఎక్కి, 400 మైక్రాన్లు పోయి, మళ్లీ మెటల్-1కు దిగుతుంది. మెటల్-5 వెడల్పు 1.6 మైక్రాన్లు.

తీగ: 400 ÷ 1.6 = 250 స్క్వేర్లు; 250 × 0.0285 = 7.1 ఓంలు

ఒక్కో మెట్టుకు ఒక్కో కట్ వేస్తే ఎక్కడానికి: 4.5 + 3.41 + 3.41 + 0.38 = 11.7 ఓంలు
దిగడానికి మరో 11.7 ఓంలు

మొత్తం 30.5 ఓంలు. అందులో తీగ వాటా 7.1 మాత్రమే. మెటల్-5 మందంగా ఉంది కదా అని పైకి తీసుకెళ్లి, మూడొంతుల రెసిస్టెన్స్‌ను మెట్ల మీదే పోగొట్టుకున్నట్టు.

కింది మూడు మెట్లలో నాలుగేసి కట్‌లు వేయండి. పై వయా పెద్దది, దాన్ని ఒకటే ఉంచండి. (4.5 + 3.41 + 3.41) ÷ 4 = 2.83, దానికి 0.38 కలిపితే 3.21. రెండు కొసలూ తీగా కలిపి 13.5 ఓంలు. ఎనిమిదేసి కట్‌లు వేస్తే 10.7 ఓంలు. ఒకటి నుంచి నాలుగుకు పోవడంలో 17 ఓంలు తగ్గాయి, నాలుగు నుంచి ఎనిమిదికి పోతే మూడు కూడా తగ్గలేదు. రెసిస్టెన్స్ కోసమే అయితే నాలుగు దగ్గర ఆగవచ్చు. కరెంట్ లిమిట్ ఏమంటుందో ఎనిమిదో అంచెలో చూద్దాం.

కట్‌ల సంఖ్యతో భాగించడం మెటల్ల మధ్య వయాలకు బాగానే సరిపోతుంది, ఎందుకంటే వయాతో పోలిస్తే మెటల్ స్క్వేర్ రెసిస్టెన్స్ చాలా తక్కువ, కరెంట్ అన్ని కట్‌లకూ దాదాపు సమంగా పంచుకుంటుంది. పాలీ మీదా డిఫ్యూజన్ మీదా అలా కాదు. అక్కడ ఒక వరస నుంచి వెనక వరసకు చేరేలోపే కింది లేయర్‌లో పదుల ఓంలు దాటాలి. కరెంట్ ముందు వరసలోనే పైకెక్కేస్తుంది, వెనక వరసలు ఖాళీగా కూర్చుంటాయి. కాబట్టి పాలీ కొసన కాంటాక్ట్‌లను కరెంట్ దిశకు అడ్డంగా ఒకే వరసలో పేర్చండి. వెనక మరో వరస వేసి రెసిస్టెన్స్ సగమైందని రాసుకోకండి.

ఇక లోకల్ ఇంటర్‌కనెక్ట్ సంగతి. స్కై130కి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని మెటల్‌లా వాడేస్తారు. 0.17 మైక్రాన్ల వెడల్పుతో 10 మైక్రాన్లు గీస్తే దాదాపు 59 స్క్వేర్లు, 750 ఓంలు దాటుతుంది. అదే 10 మైక్రాన్లు మెటల్-1లో 0.14 వెడల్పుతో పోతే 9 ఓంలు, ఎక్కడానికీ దిగడానికీ రెండు కట్‌లకు 18.6, మొత్తం 28 ఓంలలోపే. లోకల్ ఇంటర్‌కనెక్ట్‌ను సెల్ లోపల ఒకటి రెండు మైక్రాన్లకు మించి పోనివ్వకండి.

ఈ అంచె అయ్యాక సరిచూసుకోండి:

- దారిలో లేయర్ మారిన ప్రతిచోటా వయా కలిపారా?
- రెండు కొసలూ లెక్కలోకి వచ్చాయా?
- గ్రౌండ్‌కు తిరిగి వచ్చే దారి కూడా వేశారా?
- ఎక్కడైనా ఒంటరి కట్ మిగిలిందా?

## 6. కావాలని గీసే రెసిస్టర్: 10 కిలోఓంలు

ఇప్పటిదాకా తగ్గించుకోవాల్సిన రెసిస్టెన్స్ గురించి. ఇది కావాల్సిన రెసిస్టెన్స్.

లేయర్ ఎంచుకోండి. మామూలు పాలీతో 10 కిలోఓంలకు 200కు పైగా స్క్వేర్లు కావాలి, చోటు దండగ. 2000 ఓంల పాలీతో అయిదే స్క్వేర్లు, కొసల ప్రభావం మింగేస్తుంది. 320 ఓంలది సరిపోతుంది. వెల్ రెసిస్టర్ (సిలికాన్‌లో డోప్ చేసిన వెల్‌తో చేసేది) జోలికి మాత్రం ఎంతో అవసరమైతే తప్ప పోకండి. దాని మీద వోల్టేజ్ మారితే డిప్లీషన్ పొర మందం మారి రెసిస్టెన్స్ కూడా కదులుతుంది.

కొసల రెసిస్టెన్స్ రాబట్టండి. ఒకే వెడల్పులో 20 మైక్రాన్లది, 40 మైక్రాన్లది రెండు రెసిస్టర్లను సిమ్యులేట్ చేయండి. మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోదాన్ని తీసేయండి, మిగిలేది రెండు కొసలది. ఉదాహరణకు 4739, 9278 ఓంలు వస్తే 9478 − 9278 = 200 ఓంలు. ఇది వెడల్పును బట్టి మారుతుంది, ప్రతి వెడల్పుకూ విడిగా చేయాలి.

పొడవు తేల్చండి. వెడల్పు 1.41 అనుకుందాం, దిద్దుబాటు తేలిగ్గా అర్థమవడానికి పక్కన పెడదాం. 10,000 నుంచి 200 తీస్తే 9800. 9800 ÷ 320 = 30.6 స్క్వేర్లు. 30.6 × 1.41 = 43.2 మైక్రాన్లు.

కాళ్లుగా (పక్కపక్కన పేర్చే పొట్టి ముక్కలుగా) విడదీయండి. 43 మైక్రాన్ల ఒంటికాలి రెసిస్టర్ ఎక్కడా ఇమడదు. నాలుగు కాళ్లు చేసి మెటల్‌తో వరసగా కలుపుతాం. చాలామంది 43.2ను నాలుగుతో భాగించి 10.8 వేసేస్తారు. అది తప్పు. ఇప్పుడు కొసల జతలు నాలుగు, అంటే 800 ఓంలు. మిగిలింది 9200, అంటే 28.75 స్క్వేర్లు. ఒక్కో కాలికి 7.19 స్క్వేర్లు, పొడవు 10.1 మైక్రాన్లు. 10.8 వేసి ఉంటే 10 కిలోఓంల చోట 10.6 వచ్చేది.

కాళ్లను పాలీలోనే మెలికలు తిప్పి కలపడం చూడటానికి బాగుంటుంది గానీ వద్దు. పది కాళ్ల మెలికలో 18 మలుపులు పడతాయి. ఒక్కోదాన్ని 0.56 బదులు ఒకటిగా లెక్కపెడితే దాదాపు 8 స్క్వేర్ల తప్పు, 320 ఓంల పాలీలో రెండున్నర కిలోఓంలు. మలుపులో ఎచింగ్ కూడా సరిగ్గా అంచనాకు అందదు.

అంచుల్లో డమ్మీలు. మొదటి కాలికి ముందు, చివరి కాలి తర్వాత అదే కొలతల డమ్మీ కాళ్లు ఒక్కొక్కటి పెట్టి గ్రౌండ్‌కు కట్టేయండి. లేకపోతే అంచు కాళ్లు ఎచింగ్‌లో లోపలివాటిలా రావు.

## 7. వేడి, తేడాలు

చిప్ లోపల 125 డిగ్రీలు అసాధారణం కాదు. 25 డిగ్రీల దగ్గర వేసిన లెక్కను అక్కడికి లాగాలి:

వేడిలో రెసిస్టెన్స్ = మామూలు రెసిస్టెన్స్ × (1 + మొదటి గుణకం × తేడా + రెండో గుణకం × తేడా × తేడా)

చిప్ మెటల్‌కు డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పెరుగుదల ఉంటుంది. 0.35 వేసుకుంటే మూడో అంచెలోని 312.5 ఓంల తీగ 125 డిగ్రీల దగ్గర 422 ఓంలు. పాలీకి ఈ గుణకం డోపింగ్‌ను బట్టి కూడికా కావచ్చు, తీసివేతా కావచ్చు. గుర్తు చూడకుండా వేయకండి. మూల ఉష్ణోగ్రత కొన్ని మోడళ్లలో 25, కొన్నిట్లో 27, కొన్నిట్లో 30 ఉంటుంది. అది కూడా చూసుకోవాలి.

ఒక వేఫర్‌కీ ఇంకో వేఫర్‌కీ పాలీ రెసిస్టర్ విలువ 15 నుంచి 20 శాతం అటూ ఇటూ పోవడం మామూలే. మీ 10 కిలోఓంలు 8 కావచ్చు, 12 కావచ్చు. ఇంత తేడా ఉంటే నాలుగో దశాంశం దాకా లెక్క వేయడం ఎందుకంటే, ఆ శ్రమంతా నిష్పత్తి కోసం. ఒకే చిప్‌లో పక్కపక్కన, ఒకే దిశలో, ఒకే కొలత కాళ్లతో గీసిన రెండు రెసిస్టర్లు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. నిష్పత్తి ఒక శాతంలోపు నిలుస్తుంది, జాగ్రత్తగా గీస్తే 0.1 శాతం దాకా కూడా. అందుకే 3:1 నిష్పత్తి కావాలంటే ఒకదాన్ని మూడింతల పొడవు గీయకండి. ఒకే రకం కాలిని ఇటు ఒకటి, అటు మూడు వాడండి. అప్పుడు కొసలు, వెడల్పు దిద్దుబాటు అన్నీ నిష్పత్తిలో కొట్టుకుపోతాయి. ఒంటరి రెసిస్టర్ అసలు విలువ మీద ఆధారపడే సర్క్యూట్ గీసి, ట్రిమ్మింగ్ (తయారయ్యాక విలువను సరిదిద్దే) ఏర్పాటు లేకుండా పంపితే అది అదృష్టం మీద వదిలేసినట్టే.

మెటల్‌లో ఇంకో మెలిక ఉంది. మెటల్ మందం పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, పక్క తీగతో కెపాసిటెన్స్ పెరుగుతుంది. రెండూ ఒకేసారి గరిష్ఠం అనుకుని డిలే వేస్తే లేని భయం పెట్టుకున్నట్టు. ఫ్యాబ్ ఇచ్చిన కార్నర్లనే (తయారీ తేడాల్లో కలిసి వచ్చే కొస విలువలనే) వాడండి.

## 8. కరెంట్ పెట్టి చూడండి

అయిదో అంచెలోని దారిలో 2 మిల్లీఆంప్ పారుతోందనుకుందాం. సప్లై 1.8 వోల్టులు.

- ఒంటరి కట్‌లతో 30.5 ఓంలు: 61 మిల్లీవోల్టులు పోతాయి, 3.4 శాతం
- నాలుగేసి కట్‌లతో 13.5 ఓంలు: 27 మిల్లీవోల్టులు, 1.5 శాతం
- ఎనిమిదేసి కట్‌లతో 10.7 ఓంలు: 21 మిల్లీవోల్టులు, 1.2 శాతం

గ్రౌండ్ దారి కూడా ఇలాంటిదే అయితే రెండింతలు. రెసిస్టెన్స్ చూస్తే నాలుగు చాలు. కానీ మీ నియమావళిలో చిన్న వయా ఒక్కోదానికి 0.3 మిల్లీఆంప్ లిమిట్ ఉందనుకోండి. నాలుగు కట్‌లు 1.2 మిల్లీఆంప్ మాత్రమే మోయగలవు. 2 మిల్లీఆంప్‌కు కనీసం ఏడు కావాలి, ఎనిమిది వేయడం సుఖం. లిమిట్ దాటితే మొదట్లో ఏమీ తెలియదు. ఎలక్ట్రోమైగ్రేషన్‌తో లోహం మెల్లగా జరిగిపోయి, కొన్నాళ్లకు ఆ చోట రెసిస్టెన్స్ పెరుగుతుంది, చివరికి తెగిపోతుంది. పైన ఒంటరిగా వదిలిన పెద్ద వయాకూ లిమిట్ చూడండి.

కరెంట్ అంతా చివరిదాకా పోదు, దారి పొడవునా సెల్‌లు కొంచెం కొంచెం లాగుతాయి అనుకుంటే మొత్తం కరెంట్‌ను మొత్తం రెసిస్టెన్స్‌తో గుణించకండి. సమంగా లాగుతుంటే చివర్లో పడేది అందులో సగం. రెండు కొసల నుంచీ సప్లై ఇస్తే నడిమధ్యలో పడేది ఎనిమిదో వంతు. పవర్ పట్టీని వెడల్పు చేయడానికి చోటు లేనప్పుడు, రెండో కొసన కూడా సప్లైకి కలపగలమా అని ముందు చూడండి.

స్కిన్ ఎఫెక్ట్ గురించి కూడా అడుగుతారు. 1 గిగాహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో స్కిన్ లోతు రెండున్నర మైక్రాన్లు, మెటల్-5 మందమే 1.26. సన్నని సిగ్నల్ తీగల్లో అక్కడిదాకా మర్చిపోవచ్చు.

## 9. టూల్ అంకెతో పోల్చడం

చేత్తో వేసిన లెక్కకూ ఎక్స్‌ట్రాక్షన్‌కూ (టూల్ లేఅవుట్ నుంచి రాబట్టే అంకెకూ) పది శాతంలోపు తేడా ఉంటే సరే. దాటితే తేడా ఎంతుందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

వెయ్యి రెట్లు తేడా. యూనిట్లు. మ్యాజిక్ (ఉచిత లేఅవుట్ టూల్) టెక్నాలజీ ఫైల్‌లో షీట్ రెసిస్టెన్స్ మిల్లీఓంలలో ఉంటుంది. మెటల్-1కు 125 అని కనిపిస్తే అది 0.125 ఓం.

తీగ రెసిస్టెన్స్ అసలే కనిపించడం లేదు. మ్యాజిక్‌లో మామూలుగా నెట్‌లిస్ట్ (సర్క్యూట్‌లో ఏది దేనికి కలిసిందో చెప్పే జాబితా) తీస్తే ఒక నెట్ (ఒకదానికొకటి కలిసిన తీగలు) అంతా ఒకే బిందువుగా వస్తుంది. తీగల రెసిస్టెన్స్ కావాలంటే ఎక్స్‌ట్‌రెసిస్ట్ ఆదేశం విడిగా నడపాలి. చాలామంది వారాల తరబడి పోస్ట్-లేఅవుట్ సిమ్యులేషన్ అనుకుని చేసేది కెపాసిటెన్స్ ఒక్కటే ఉన్న సిమ్యులేషన్.

సన్న రెసిస్టర్లలోనే తేడా, లావువాటిలో లేదు. వెడల్పు దిద్దుబాటు.

పొట్టి రెసిస్టర్లలోనే తేడా, పొడుగువాటిలో లేదు. కొసల రెసిస్టెన్స్.

సరిగ్గా సగం లేదా రెండింతలు. సమాంతరంగా ఉన్న ఇంకో దారిని మీరు చూడలేదు, లేదా టూల్‌కు ఇచ్చిన కాళ్ల సంఖ్య తప్పు.

అన్నిటిలో ఒకే శాతం తేడా. మీరు మామూలు విలువ వేశారు, సిమ్యులేషన్ వేరే కార్నర్‌లో లేదా వేరే ఉష్ణోగ్రతలో నడుస్తోంది.

## 10. చిప్ వచ్చాక కొలవడం

ముందుగా ఒక మాట: ప్యాక్ చేసిన ఐసీ పిన్‌ల మధ్య మల్టీమీటర్ ఓంల రేంజ్‌లో పెట్టి లోపలి రెసిస్టర్ కొలవలేం. ప్రతి పిన్ దగ్గరా స్టాటిక్ నుంచి కాపాడే డయోడ్‌లుంటాయి. మీటర్ ఇచ్చే వోల్టేజ్‌కు అవి తెరుచుకుంటే మీరు చదివేది డయోడ్‌ను. ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చగానే అంకె మారిపోతే అదే సంగతి.

కొలవాలనుకుంటే లేఅవుట్‌లోనే టెస్ట్ నిర్మాణం పెట్టుకోవాలి. రెండు ప్యాడ్‌లు చాలవు. ప్రోబ్ మొనకూ ప్యాడ్‌కూ మధ్యే కొన్ని ఓంలు ఉండవచ్చు, మెటల్ తీగ అందులో మునిగిపోతుంది. నాలుగు ప్యాడ్‌లు పెట్టి, రెండిట్లో కరెంట్ పంపి, మిగతా రెండిట్లో వోల్టేజ్ చదవండి. వోల్టేజ్ ప్యాడ్‌లలో కరెంట్ పారదు కాబట్టి అక్కడి ప్రోబ్ రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు.

షీట్ రెసిస్టెన్స్‌కు నాలుగు చేతులూ సమానంగా ఉన్న కూడిక గుర్తు ఆకారం గీస్తారు. పక్కపక్క చేతుల్లో కరెంట్, మిగిలిన రెండు చేతుల మధ్య వోల్టేజ్:

షీట్ రెసిస్టెన్స్ = 4.532 × (వోల్టేజ్ ÷ కరెంట్)

పాలీకి ఇది హాయిగా పనిచేస్తుంది: 100 మైక్రోఆంప్ పంపితే 48.2 ఓంల పాలీలో సుమారు 1.06 మిల్లీవోల్టులు వస్తాయి. మెటల్-1లో 1 మిల్లీఆంప్ పంపినా వచ్చేది 28 మైక్రోవోల్టులే. అంత చిన్న వోల్టేజ్‌ను ప్రోబ్‌ల దగ్గరి వేడి తేడా వల్ల పుట్టే వోల్టేజ్ చెడగొడుతుంది. కరెంట్‌ను ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపి, రెండు రీడింగ్‌ల తేడాలో సగం తీసుకుంటే అది పోతుంది. మెటల్‌కు ఇంకా మేలైన దారి వేల స్క్వేర్లున్న పొడవాటి మెలిక తీగ. 2500 స్క్వేర్ల తీగలో అదే 1 మిల్లీఆంప్‌కు 312 మిల్లీవోల్టులు వస్తాయి, మామూలు మీటర్‌తోనూ చదవవచ్చు. ఒక్కటే చూసుకోవాలి: అంత సన్న తీగకు 1 మిల్లీఆంప్ కరెంట్ లిమిట్ దాటుతుందేమో. దాటితే కరెంట్ పదో వంతుకు తగ్గించండి, 31 మిల్లీవోల్టులు కూడా చదవడానికి చాలు, తీగ వేడెక్కి తప్పు అంకె చూపే బెడదా ఉండదు.